కన్సోల్‌లో పేస్ట్ చేసిన కోడ్ గురించి

మిర్యాలగూడలో ఫొటో స్టూడియో నడిపే పాఠకుడి ప్రశ్న: "సార్, మా స్టూడియో ఫేస్‌బుక్ పేజీకి ఫ్రెండ్స్ అందరినీ ఇన్వైట్ చేయాలని వీడియోలో చూసి ఒక స్క్రిప్ట్ క్రోమ్ కన్సోల్‌లో పేస్ట్ చేశాను. దానంతట అదే క్లిక్‌లు కొట్టింది. కాసేపటికి ఇన్వైట్లు బ్లాక్ అయ్యాయి. క్లిక్‌కూ క్లిక్‌కూ మధ్య ఎన్ని సెకన్లు పెడితే దొరకను?"

కన్సోల్ అంటే బ్రౌజర్‌లో డెవలపర్లు కోడ్ రాసి నడిపించే చోటు, స్క్రిప్ట్ అంటే అక్కడ నడిచే ఆ కోడ్. దేవరకొండ నుంచి, జడ్చర్ల నుంచి కూడా ఇదే అడుగుతున్నారు, అందరికీ సెకన్ల లెక్కే కావాలి. అది చెప్పను. మీరు మౌస్‌తో నొక్కిన క్లిక్‌కు బ్రౌజర్ 'ఇజ్‌ట్రస్టెడ్' అని ముద్ర వేస్తుంది, పేజీలోని స్క్రిప్ట్ కొట్టిన క్లిక్‌కు వేయదు, ఆ తేడాను సైటు చూడగలదు. సెకన్లు పెంచితే ఆ ముద్ర రాదు కదా.

నాకు టెన్షన్ పెట్టింది బ్లాక్ కాదు, 'పేస్ట్ చేశాను' అన్న మాట. కన్సోల్‌కు కొత్తవాళ్లు అందులో కోడ్ పేస్ట్ చేయబోతే క్రోమ్ ఆపి, 'అలౌ పేస్టింగ్' అని చేత్తో టైప్ చేయమంటుంది. ఫేస్‌బుక్ అదే కన్సోల్‌లో పెద్ద అక్షరాలతో 'స్టాప్!' అని రాసి పెట్టింది. ఇన్ని అడ్డంకులు దాటి పెట్టిన కోడ్ ఇక మీరై పనిచేస్తుంది: మెసేజ్‌లు చదవగలదు, మీ పేరుతో పోస్టులు పెట్టగలదు, పేజీకి ఇంకొకరిని అడ్మిన్‌గా చేర్చే ప్రయత్నం కూడా చేయగలదు. దానికి మీ పాస్‌వర్డ్ అక్కర్లేదు, లాగిన్ అయి ఉన్నది మీరే కాబట్టి ఓటీపీ అడ్డం రాదు.

ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రామ్ అయితే ఇంకా ప్రమాదం. 'అన్ని సైట్లలో మీ డేటా చదివి మార్చే' అనుమతి ఇచ్చారంటే మీ బ్యాంకు పేజీ కూడా దాని కళ్లముందే. అప్‌డేట్‌లు అడగకుండానే వస్తాయి, ఈరోజు మంచిగున్నదాన్ని రేపు ఎవరో కొనుక్కొని లోపలి కోడ్ మార్చినా మీకు తెలియదు.

ఇప్పుడే చేయాల్సింది: ఆ వీడియో చెప్పి పెట్టించిన ఎక్స్‌టెన్షన్ ఏదైనా ఉంటే ముందు తీసేయండి, తర్వాత పాస్‌వర్డ్ మార్చి అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ చేయండి. పేజీ యాక్సెస్ ఎవరెవరికి ఉందో చూడండి. యాడ్స్‌కు కార్డు జోడించి ఉంటే ఆ లెక్కలు కూడా చూడండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఒక్కటి మాత్రం ఈ సైట్లను కూడా అడగాలి. యాడ్‌కు డబ్బు కట్టే బటన్ మాటిమాటికీ ఎదురొస్తుంది, మనకు కావాల్సిన పనిని మాత్రం వెతుక్కొని ఓపికగా చేసుకోవాలి. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి దాకా ఆల్బమ్‌లు డిజైన్ చేసే మనిషికి ఆ ఓపిక ఎక్కడిది? ఆ వీడియోల వాళ్లకు గిరాకీ అక్కడే దొరుకుతోంది.