ఢిల్లీ దాకా పోవాలంటే

అల్లుడూ,

నిన్ను ఉద్యోగంలోంచి తీసేసిన కేసులో హైకోర్టు డివిజన్ బెంచి, అంటే ఒకరికి మించి జడ్జీలు కూర్చునే బెంచి, ఇచ్చిన తీర్పు నువ్వు వాట్సాప్‌లో పంపావు కదా, మొత్తం చదివాను. సుప్రీంకోర్టుకు పోదామంటున్నావు, సరే. కానీ లేబర్ కోర్టు నుంచి హైకోర్టుకు వెళ్ళినంత సులువు కాదిది. అక్కడ ముందు రాజ్యాంగం 136వ అధికరణం కింద అనుమతి అడగాలి. అందరూ ఎస్‌ఎల్‌పీ (స్పెషల్ లీవ్ పిటిషన్) అనేది దాన్నే. అనుమతి ఇస్తేనే అది అప్పీలవుతుంది. చాలా వాటికి ఇవ్వరు. కొట్టేసేటప్పుడు కారణం కూడా చెప్పనక్కర్లేదు.

మొదట తేదీ చూసుకో. తీర్పు వచ్చిన రోజు నుంచి 90 రోజులు గడువు, కాపీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు. సర్టిఫైడ్ కాపీకి ఇంకా దరఖాస్తు పెట్టకపోతే రేపే పెట్టించు. కాపీ ఎప్పుడు అడిగారు, ఎప్పుడు తయారైంది అని దాని మీద ముద్ర ఉంటుంది. ఒకవేళ ఆలస్యమైతే ఆ ముద్రే నీ తరఫున మాట్లాడుతుంది. ఉత్త 'ఒంట్లో బాగాలేదు' అంటే ఎవరూ నమ్మరు.

ఇక అసలు విషయం. సూపర్‌వైజర్ నీ మీద ఎట్లా పగబట్టాడో ఫోన్లో గంటసేపు చెప్పావు. నాకు నీ మాట మీద నమ్మకమే. అయినా ఆ నైట్ షిఫ్టులో ఎవరు ముందు నోరు జారారన్నది ఢిల్లీలో తేల్చరు. కింది కోర్టుల్లో లేని కాగితం ఇప్పుడు పెడతానన్నా ఒప్పుకోవడం కష్టం. హైకోర్టు చట్టం దగ్గర తప్పు చేసిందా లేదా, వాళ్ళకు కావలసింది అదే.

నీ కేసులో అలాంటి పాయింటు ఒకటుంది. నీ వల్ల తప్పు జరిగిందంటూనే, ఉద్యోగం పీకేసేంత తప్పు కాదని లేబర్ కోర్టు పాత 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 11ఏ సెక్షన్ కింద శిక్ష తగ్గించి, సగం బ్యాక్ వేజెస్‌తో (పనిలో లేని కాలపు జీతంలో సగంతో) నిన్ను తిరిగి తీసుకోమంది. ఆ తీర్పునే అవార్డు అంటారు. యాజమాన్యం వేసిన శిక్షను తగ్గించే అధికారం ఇవ్వడానికే 1971లో ఆ సెక్షన్ చేర్చారు. రిట్ పిటిషన్‌లో హైకోర్టు చూడాల్సింది ఆ అవార్డు లేబర్ కోర్టు పరిధి దాటిందా, పైకే కనిపించే చట్టపు తప్పు ఉందా అన్నది. కానీ అక్కడ మొదట విన్న సింగిల్ జడ్జి కంపెనీ ఎంక్వయిరీ సాక్షుల మాటలు ఒక్కొక్కటీ మళ్ళీ తూచి నీకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు, తానే అప్పీలు వింటున్నట్టు. డివిజన్ బెంచి ఆ తప్పును పట్టించుకోలేదు. నీ పిటిషన్‌కు ఆయువుపట్టు ఇదే. పిటిషన్ ముందుండే సినాప్సిస్ (కేసు సారాంశం) మొదటి పేజీలోనే ఇది కనబడాలి. పది గ్రౌండ్లు (వాదనకు ఆధారాలు) రాస్తే గొప్పగా ఉంటుందని ఎవరైనా అంటే వినకు. మొదటి రోజు నీ కేసుకు దొరికేది నాలుగైదు నిమిషాలు.

మన నల్లగొండ వకీలు సాబ్ ఎంత మంచోడైనా అక్కడ ఫైల్ చేయలేడు. అడ్వకేట్ ఆన్ రికార్డ్, అంటే అక్కడ ఫైల్ చేయడానికి సుప్రీంకోర్టులో నమోదైన వకీళ్ళే చేయాలి. ఫీజు అనగానే చెల్లె మెడలోది తాకట్టు పెట్టేవు, ఆ పని చేయకు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో పారిశ్రామిక కార్మికుడికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సాయం ఉంది. నల్లగొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోయి, సుప్రీంకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి దరఖాస్తు పంపాలని అడుగు. కంపెనీ ఇచ్చిన చార్జిషీటుకు (ఆరోపణల కాగితానికి) నువ్విచ్చిన జవాబు తెలుగులో ఉంది కదా, దానికి ఇంగ్లీషు తర్జుమా కావాలి. సంతకాలకు ఢిల్లీ పోనక్కర్లేదు, అఫిడవిట్ ఇక్కడి నోటరీ ముందే చేయొచ్చు.

ఆటో నడుపుతున్న సంగతి మాత్రం దాచకు. బ్యాక్ వేజెస్ అడిగినప్పుడు ఎదుటి వాళ్ళు మొదట తవ్వేది అదే. ఎంత వస్తుందో ఉన్నదున్నట్టు చెప్పు.

కంపెనీకి నోటీసు వెళ్ళిందని తెలియగానే ఊళ్ళో స్వీట్లు పంచొద్దు, అది గెలుపు కాదు. గ్రాట్యుటీ సంగతి కూడా వకీలును అడుగు. ఐదేళ్ళు దాటిన సర్వీసు నీది. డిస్మిస్ అయినంత మాత్రాన అది దానంతట అది పోదు.

ఆదివారం మిర్యాలగూడకు రా. అవార్డు, రెండు హైకోర్టు తీర్పులు, చార్జిషీటు జిరాక్సులు పట్టుకురా. తేదీల జాబితా కూర్చుని రాద్దాం.

మీ మామ