అప్పీలులో అనారోగ్యం చూపితే శిక్ష తగ్గుతుందా?

మీ నాన్నగారికి మూడేళ్ల శిక్ష పడిందని, ఆయన గుండెజబ్బును అప్పీలులో చూపితే అది తగ్గుతుందా అని అడిగారు. నేను న్యాయవాదిని కాను. మా మామగారి కేసు కోసం ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కిన అల్లుణ్ణి.

పాత లంచం కేసులో ఏసీబీ కోర్టు మామగారిని దోషిగా తేల్చేనాటికే ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. శిక్షపై ఏమైనా చెప్పుకుంటారా అని న్యాయమూర్తి అడిగినప్పుడు ఆ సంగతే విన్నవించుకున్నాం. ఆయన ఓపికగా విని, అప్పటి చట్టంలోని కనీస శిక్ష అయిన ఏడాది దాకా దిగారు గానీ, అంతకన్నా తగ్గించే అధికారం తనకు లేదన్నారు. కాబట్టి మీ నాన్నగారిపై మోపిన సెక్షన్‌కు కనీస శిక్ష ఉందేమో ముందు చూసుకోండి.

జబ్బు నిజంగా అక్కరకొచ్చేది అప్పీలు తేలేదాకా శిక్షను నిలుపుదల చేయించుకోవడంలో. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 389గా ఉన్న సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 430 అయింది. మూడేళ్లకు మించని శిక్ష పడి, అప్పటికే బెయిలుపై ఉన్నవారికి, అప్పీలు వేసుకునేందుకు కావలసిన గడువు వరకు సాధారణంగా కింది కోర్టే ఈ వెసులుబాటు ఇస్తుంది. ఆ తర్వాత హైకోర్టులో మమ్మల్ని ఇరుకున పెట్టిన ప్రశ్న ఒక్కటే: జైల్లో ఉంచి, పోలీసు కాపలాతో ఆసుపత్రికి పంపితే సరిపోదా? "విశ్రాంతి అవసరం" అని రాసిచ్చిన సర్టిఫికెట్‌ను ఎవరూ పట్టించుకోలేదు. డయాలసిస్ తేదీలు, ఒక విడత తప్పితే వచ్చే ప్రమాదం వివరిస్తూ వైద్యం చేస్తున్న డాక్టరు ఇచ్చిన లేఖే పనిచేసింది.

నేరం జరిగిందా లేదా అన్నదానికి మాత్రం జబ్బుతో సంబంధం లేదు. తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో ఉన్న అమలాపురం వాసి ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబాకు 2017లో గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆయన్ను నిర్దోషిగా వదిలిపెట్టింది కేసులోని లోపాలు చూసే.

చెప్పడానికి మనసొప్పకపోయినా ఇంకొక మాట. అప్పీలు నడుస్తుండగా మనిషి పోతే, జరిమానాపై అప్పీలు తప్ప మిగతాది అక్కడితో ముగిసిపోతుంది; దాన్ని కొనసాగించేందుకు అనుమతి కోరుతూ దగ్గరి బంధువులు ముప్పై రోజుల్లో దరఖాస్తు చేయాలి. మామగారు పోయాక, పెద్దకర్మ హడావిడిలో ఈ గడువు మాకు తట్టనే లేదు. వకీలుగారి గుమాస్తా ఫోన్ చేసి గుర్తుచేస్తే, ఇరవై ఆరో రోజున అత్తగారి చేత సంతకం పెట్టించాం. పింఛను బకాయిలు ఆ తీర్పుకే ముడిపడి ఉన్నాయి గనుక, అప్పీలు ఇప్పుడు ఆవిడ పేరున నడుస్తోంది.