ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టకండి

ప్రశ్న: మాది మదనపల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి 27 ఏళ్లు, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ ఊళ్లోనే పనిచేసే మనవాళ్ల అబ్బాయితో నిశ్చితార్థం అయింది. చౌల్ట్రీకి అడ్వాన్స్ కూడా కట్టాం. పెళ్లికి ముందు ఇద్దరం రక్తపరీక్షలు చేయించుకుని రిపోర్టులు చూసుకుందామని మా అమ్మాయే అడిగింది, అతను సరేనన్నాడు. ఆ ల్యాబ్‌లోనే మా అక్క కొడుకు పనిచేస్తాడు. అబ్బాయికి వీడీఆర్ఎల్ రియాక్టివ్ వచ్చిందని స్క్రీన్‌షాట్ తీసి నాకు వాట్సాప్ చేశాడు. అంటే సిఫిలిస్ అనే సుఖవ్యాధి అట. మర్నాడే మావారు ఫోన్ చేసి, కారణం చెప్పకుండా సంబంధం వద్దనేశారు. ఇప్పుడు వాళ్లు మా పిల్లకే ఎవరితోనో సంబంధం ఉందని ప్రచారం చేస్తున్నారు. మా కులం వాళ్ల పెళ్లి సంబంధాల గ్రూపు ఒకటుంది. అందులో ఆ స్క్రీన్‌షాట్ పెట్టేస్తే మా పిల్ల మీద నింద పోతుంది, ఇంకో ఆడపిల్ల మోసపోకుండా ఉంటుంది. నిజం చెప్పడంలో తప్పేముంది? మావారు మాత్రం ఆగమంటున్నారు.
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, పెట్టకండి. ముందు ఈ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే రేపు ఏ బంధువో ఫోన్ చేసి ఒక మాట అంటే, ఆ కోపంలో అరనిమిషంలో జరిగిపోయే పని ఇది. కన్నకూతురి మీద లేనిపోని నింద వేస్తే ఏ తల్లికైనా కడుపు రగిలిపోతుంది. మీ కోపంలో అన్యాయం లేదు. కానీ ఆ కోపం తీర్చుకోవడానికి మీరు ఎంచుకున్న దారి మీ అమ్మాయికి కూడా మంచి చేయదు.

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. అందులో చౌల్ట్రీ ఉంది, గ్రూపు ఉంది, వియ్యాలవారి మాటలున్నాయి. మీ అమ్మాయి ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. పరీక్షల ఆలోచన ఆమెది. ఆ రిపోర్టు చూడాల్సింది ఆమె. ఆమెను అడగకుండానే పెద్దవాళ్లు సంబంధం తెంచేశారు, ఇప్పుడు ఆమె పేరు మీదే ఊరంతా చాటింపు వేయబోతున్నారు. ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులోకి వెళ్లిన గంటలో వచ్చే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "నిశ్చితార్థమై ఇన్నాళ్లు కలిసి తిరిగారు కదా, మరి అమ్మాయికి అంటలేదా?" నింద పోతుందని మీరు అనుకుంటున్నారు. అది ఇంకో రూపంలో తిరిగి ఆమె మీదికే వస్తుంది.

అందుకే అన్నిటికన్నా ముందు ఆమె ఆరోగ్యం చూసుకోండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూర్చోబెట్టి, "మీ ఇద్దరి మధ్య దగ్గరితనం ఏమైనా ఉంటే పరీక్ష చేయించుకో. నన్ను రమ్మంటే వస్తాను, వద్దంటే రాను" అనండి. అంతవరకే. నిలదీయకండి, ఒట్లు వేయించకండి. సిఫిలిస్ సోకిన తర్వాత మొదటి పుండు కనిపించడానికి సగటున మూడు వారాలు పడుతుంది, ఒక్కోసారి మూడు నెలల వరకూ పట్టవచ్చు. ఆ పుండు నొప్పి లేకుండా వచ్చి దానంతటదే మానిపోతుంది కాబట్టి చాలామంది గమనించరు కూడా. తొందరపడి చేయించుకున్న పరీక్ష నెగటివ్ వచ్చినా, చివరిసారి దగ్గరైనప్పటి నుంచి మూడు నెలలు నిండాక మళ్లీ ఒకసారి చేయించాలి. విక్టోరియా, బౌరింగ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల విభాగాలున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి వాటికోసం నడిపే క్లినిక్‌లను సురక్ష క్లినిక్ అంటారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయమనండి, ఆ కాల్‌కి డబ్బులు పడవు. ఆమె రిపోర్టు మీకు చూపించాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

ఇక అబ్బాయి రిపోర్టు సంగతి. వీడీఆర్ఎల్ అనేది వడపోత పరీక్ష. అది రియాక్టివ్ వస్తే సిఫిలిస్ ఉండొచ్చని అనుమానించాలి, ఖాయం చేసుకోవడానికి టీపీహెచ్ఏ లాంటి రెండో పరీక్ష చేయాలి. మలేరియా, లూపస్ లాంటి వేరే జబ్బులున్నా, ఆడవాళ్లకు గర్భం ఉన్నా ఒక్కోసారి వీడీఆర్ఎల్ తప్పుగా రియాక్టివ్ చూపిస్తుంది. పైగా టీపీహెచ్ఏ చికిత్స అయిపోయి జబ్బు నయమైన మనిషికి కూడా చాలాసార్లు జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది. ఆ కాగితంలో ఉన్న టైటర్ అంకె (రియాక్షన్ ఎంత బలంగా ఉందో చెప్పేది), అతని పాత చికిత్స వివరాలు, డాక్టరు పరీక్ష, ఇవన్నీ కలిపి చూస్తేనే అతనికి ఇప్పుడు జబ్బు ఉందో లేదో తేలుతుంది. మీ దగ్గర ఉన్నది ఒక ఫోన్ తెరలో పట్టినంత ముక్క. నిజం చెప్పడంలో తప్పేముంది అని అడిగారు కదా, అది నిజమో కాదో మీకే ఇంకా తెలియదు.

సరే, జబ్బు ఉందనే అనుకుందాం. తొలిదశలో అయితే 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కసారి ఇస్తే చాలు. ఆలస్యమైతే వారానికి ఒకసారి చొప్పున మూడు వారాలు ఇస్తారు. తర్వాత కొన్ని నెలలకు రక్తం చూసి తగ్గిందని నిర్ధారిస్తారు. అప్పుడు అతను నిశ్చింతగా పెళ్లి చేసుకోవచ్చు. గ్రూపులో పడిన ఫోటోకు మాత్రం మందు లేదు. పదేళ్ల తర్వాత అతని చెల్లెలి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా ఎవరో దాన్ని వెతికి తీస్తారు.

"మరి కాబోయే భార్యకు కూడా చెప్పకూడదా?" అంటే, చెప్పాల్సిందే. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఈ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కూడా. నాగాలాండ్ నుంచి ఒక డాక్టరు తమవాళ్ల ఆపరేషన్ కోసం మద్రాసు వచ్చి ఆసుపత్రిలో రక్తం ఇచ్చాడు. ఆ రక్తంలో హెచ్ఐవీ బయటపడింది, విషయం పొక్కి పెళ్లి ఆగిపోయింది, ఊరు వెలేసినట్టు చూస్తే అతను ఉంటున్న ఊరు వదిలిపోయాడు. ఆసుపత్రి నా రహస్యం బయటపెట్టిందని కేసు వేస్తే, 1998లో కోర్టు అతని వాదన ఒప్పుకోలేదు. పెళ్లాడబోయే అమ్మాయి ప్రాణం కూడా ముఖ్యమే, ఆమెకు తెలుసుకునే హక్కుందని అంది. ఆ తీర్పు ఎవరి హక్కు గురించి మాట్లాడిందో చూడండి. ఆ అమ్మాయి గురించి. వీధి గురించీ, కులసంఘం గురించీ కాదు.

2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం దీనికి ఒక వరస కూడా పెట్టింది. భాగస్వామికి నిజంగా ప్రమాదం ఉందని డాక్టరు లేదా కౌన్సెలర్ నమ్మాలి. ముందు ఆ మనిషినే కూర్చోబెట్టి "నువ్వే చెప్పు" అని నచ్చజెప్పాలి. చెప్పడని తేలితే, "నేను చెప్పబోతున్నాను" అని అతనికి తెలియజేయాలి. అప్పుడు ఆ భాగస్వామికి మాత్రమే, ఎదురుగా కూర్చోబెట్టి, కౌన్సెలింగ్ ఇచ్చి చెప్పాలి. ఈ చట్టం హెచ్ఐవీకే వర్తిస్తుంది, సిఫిలిస్‌కు కాదు. కానీ ఆ వరస మాత్రం ఏ జబ్బుకైనా సరిపోతుంది. మీ విషయంలో ఆ వరస మొత్తం తలకిందులైంది. ఇద్దరూ రిపోర్టులు చూసుకుందాం అనుకున్నారు. అతను చూపించేలోపే మీకు ఫోటో వచ్చింది, మీరు తెంచేశారు. అతను మీ అమ్మాయికి చెప్పేవాడో దాచేవాడో తెలుసుకునే అవకాశం ఎవరికీ లేకుండా పోయింది. దాచాడు, మోసం చేశాడు అని మీరు అనడానికి మీ దగ్గర ఆధారం లేదు.

ఇంకో ఆడపిల్ల గురించి మీరు పడుతున్న ఆరాటాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆ పిల్ల నాకూ ముఖ్యమే. కానీ ఒక్క రిపోర్టు అలా గ్రూపులో తిరిగిందంటే, ఆ గ్రూపులో ఉన్న ప్రతి కుర్రాడూ, ప్రతి అమ్మాయీ ఏం నేర్చుకుంటారు? పరీక్ష చేయించుకోకూడదని. పరీక్ష లేకపోతే చికిత్స ఉండదు, చికిత్స లేకపోతే జబ్బు పక్కమనిషికి పోతుంది, కడుపులో బిడ్డ దాకా పోతుంది. రేపు రాబోయే ఆ పిల్లను కాపాడేది పరీక్షంటే భయం లేకపోవడమే. మీ అమ్మాయి చేసిన పనే దానికి మంచి మార్గం. గ్రూపులో ఏదైనా పెట్టాలనిపిస్తే, పెళ్లికి ముందు ఇద్దరూ పరీక్షలు చేయించుకుని డాక్టరు ముందు మాట్లాడుకోండి అని, ఎవరి పేరూ లేకుండా పెట్టండి.

మీ పిల్ల మీద పుకారు ఆపే పని మాత్రం తప్పకుండా చేయాలి, కానీ ఎదురుపడి చేయాలి. సంబంధం కుదిర్చిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని మీవారూ, మీరూ వాళ్లింటికి వెళ్లండి. కారణం చెప్పకుండా ఫోన్‌లో తెంచేయడం పొరపాటని ముందు ఒప్పుకోండి. "మా అమ్మాయి గురించి అంటున్నది అబద్ధం, అది ఈరోజుతో ఆగాలి" అని గట్టిగా చెప్పండి. "మా దగ్గర మీవాడి రిపోర్టు ఉంది జాగ్రత్త" అన్న మాట మాత్రం నోటి వెంట రానివ్వకండి, అది బెదిరింపు అవుతుంది. బంధువులు అడిగితే "కుదరలేదండీ" అని ఆపేయండి. "ఏదో ఆరోగ్య సమస్యట" అన్నా సగం చెప్పేసినట్టే. ఇంకోటి, పరువునష్టం క్రిమినల్ కేసులో మాట నిజమైనంత మాత్రాన బయటపడలేరు. అది ప్రజల మేలు కోసం చెప్పిందని కూడా చూపించుకోవాలి. ఒకరి రక్తపరీక్షను కులం గ్రూపులో పెట్టి అలా చూపించుకోవడం మహా కష్టం.

మీ అక్క కొడుకు చెల్లెలి మీద ప్రేమతోనే పంపి ఉంటాడు. అయినా అది ఉద్యోగం పోయే పని, పోవాల్సిన పని కూడా. తనను నమ్మి చెయ్యి చాపి రక్తం ఇచ్చిన మనిషికి అతను ద్రోహం చేశాడు. మీ ఫోన్‌లో, అతని ఫోన్‌లో, ఇంకెవరికైనా పంపి ఉంటే వాళ్ల ఫోన్‌లో కూడా ఆ ఫోటో తీసేయించండి.

ఆ తర్వాత మీ అమ్మాయికి జరిగింది జరిగినట్టు చెప్పండి, ఫోటో ఎలా వచ్చిందో కూడా. అతనితో మాట్లాడాలో వద్దో ఆమె తేల్చుకుంటుంది. మాట్లాడితే, తమకు ఈ విషయం ఎలా తెలిసిందో అతనికి దాచకుండా చెప్పమనండి. అతను ల్యాబ్ మీద ఫిర్యాదు చేస్తే చేయనివ్వండి, అది అతని హక్కు. అతను మొండికేసినా, ఆమెకే మనసు విరిగిపోయినా పెళ్లి ఆగిపోతుంది. ఈసారి ఆపింది ఆమె అవుతుంది. చికిత్స చేయించుకున్నాక పెళ్లి చేసుకుంటామని ఇద్దరూ అంటే, డాక్టరు దగ్గరికి వాళ్లిద్దరినే వెళ్లనివ్వండి. చౌల్ట్రీ తేదీ వెనక్కి జరపడానికి వీలవుతుందో లేదో మీరు కనుక్కోండి.