జెరాక్స్ షాపు వాళ్ల అబ్బాయి ఏం చదవాలి?

అనంతపురం నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: "కోర్టు రోడ్డులో ఇరవై ఏళ్లుగా జెరాక్స్ షాపు నడుపుతున్నా సార్. అడంగళ్లు, ఈసీలు అన్నీ ఆన్‌లైన్ అయిపోయి గిరాకీ సగానికి పడిపోయింది. మావాడు టెన్త్ పాసయ్యాడు. పాలిటెక్నిక్‌లో ఈసీఈ చేసి ఈ మిషన్లే బాగుచేస్తా అంటాడు. నేను ఇంటర్ ఎంపీసీలో వేసి ఆనక ఏఐ బీటెక్ చేయిద్దామనుకుంటున్నా. చచ్చే బిజినెస్‌లోకి వాడిని కూడా లాగాలా? రెండూ పోల్చి చెప్పండి."

ఇలాంటి ఉత్తరం ఇంతకుముందు ఫొటో స్టూడియో ఆయన రాశారు, టైలరింగ్ షాపు ఆయనా రాశారు. అందరూ అడిగేది కోర్సు గురించే. లోపలి టెన్షన్ మాత్రం, నా కొడుకూ ఈ కౌంటర్ వెనకే మిగిలిపోతాడేమో అని. మిగిలిపోడు, నిశ్చింతగా ఉండండి. షాపు నడపడం వేరు, మిషన్ తెలిసినవాడు కావడం వేరు.

కాపీలు తగ్గుతున్నాయన్నది నిజమే. 2024లో జపాన్ కంపెనీలు రికో, తోషిబా టెక్ తమ మిషన్ల తయారీని ఒకే గొడుగు కిందికి తెచ్చుకున్నాయి. 2025లో జెరాక్స్ కంపెనీ వెళ్లి ప్రింటర్లు చేసే లెక్స్‌మార్క్‌ను కొనేసింది. పెరిగే వ్యాపారంలో ఇంతమంది ఒకరి పంచన ఒకరు చేరరు.

కానీ చాలా ఆఫీసులు ఇప్పుడు మిషన్ కొనకుండా అద్దెకు తీసుకుని, కాపీకి ఇంత అని కడుతున్నాయి. మిషన్ ఆగితే నష్టం అద్దెకిచ్చినవాడికే. అందుకే సర్వీసు కుర్రాడికి ఫోన్లు ఆగవు. కాకపోతే పని రూపు మారింది.

మొన్న ఒక ఆఫీసులో కళ్లారా చూశాను. ప్రింట్ వస్తోంది, స్కాన్ మాత్రం కొత్త కంప్యూటర్‌లోకి పోవడం లేదు. పాత మెకానిక్ డ్రమ్ తుడిచాడు, పికప్ రోలర్ మార్చాడు, చెమట తుడుచుకున్నాడు. చిక్కు మిషన్‌లో లేదు. ఆ పాత మిషన్‌కు తెలిసిన ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్‌ఎంబీ1 ఒక్కటే. 2017 చివరి నుంచి కొత్తగా వేసే విండోస్‌లో అది మామూలుగా ఆన్ అయి ఉండదు. సాయంత్రం ఇంకో కుర్రాడు వచ్చి, స్కాన్ నేరుగా మెయిల్‌కు పోయేలా సెట్ చేసి పది నిమిషాల్లో బండెక్కాడు. మీవాడు అవ్వాల్సింది ఆ రెండో మనిషి. రోలర్లు మాత్రమే నేర్చుకుంటే మీ భయం నిజమవుతుంది. నెట్‌వర్కింగ్ కూడా పట్టుకుంటే ఇవాళ జెరాక్స్ మిషన్, రేపు సీసీ కెమెరా, ఎల్లుండి సర్వర్.

ఇక ఏఐ బీటెక్. దీని మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. 2024-25 నుంచి బ్రాంచిలో సీట్లకున్న గరిష్ఠ పరిమితిని ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ షరతులతో ఎత్తేసింది. బోర్డు మీద ఏఐ అని రాయడం తేలిక, లెక్కలూ ప్రోగ్రామింగూ గట్టిగా చెప్పే మాస్టారిని తేవడం కష్టం. మూడో సంవత్సరంలో ఉండి కూడా సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాయలేని పిల్లలు నా ముందు కూర్చుని ఏడ్చారు. వాళ్ల నాన్నలూ బ్రాంచి పేరు చూసే చేర్పించారు. లెక్కలంటే ఇష్టం ఉన్నవాడు వెళ్తే మంచిదే. మీవాడికి ఇష్టమని ఉత్తరంలో ఒక్క ముక్క లేదే!

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. వాడి చేతికి టోనర్ మసి అంటితే మీకు నామోషీగా ఉంది. ఆ మసితోనే కదా వాడి స్కూలు ఫీజు కట్టింది? మీ పనిని మీరే చచ్చే బిజినెస్ అని వాడి ముందు తిట్టుకుంటుంటే వాడేం నేర్చుకుంటాడు?

పోల్చమన్నారు గనక: డిప్లొమా మూడేళ్లు, ఖర్చు తక్కువ. అది చేశాక బీటెక్ మీద మనసు పుడితే ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఇంటర్‌లో వేసి వాడికి లెక్కలు ఎక్కకపోతే రెండేళ్లు పోతాయి. అంతే తేడా.

ఈ ఆదివారం ఒక పని చేయండి. షాపులో మిషన్‌కు ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) పెట్టి, స్కాన్ మీ కంప్యూటర్‌లోకి వచ్చేలా చేయమని వాడికి చెప్పండి. మధ్యలో వెళ్లి సలహాలివ్వకండి. కౌంటర్ దగ్గర మీరు నిలబడండి.