అడగండి, చెబుతాను: కాలేజీ బేస్‌బాల్‌లో బ్యాటింగ్ లెక్కలు

క్రికెట్ లెక్కల మీద వచ్చే ఉత్తరాల్లో ఈసారి అమెరికా కాలేజీ బేస్‌బాల్ ప్రశ్నలు కూడా కలిశాయి. చాలా సంతోషం. నేను స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. మా అబ్బాయి కాపురం ఒమాహాలో. కాలేజీ జట్ల జాతీయ టోర్నీ అయిన కాలేజీ వరల్డ్ సిరీస్ 1950 నుంచి ఆ ఊళ్లోనే జరుగుతోంది. జూన్‌లో అక్కడుంటే స్కోరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని గ్యాలరీలో కూర్చోవడమే నా పని.

ప్రశ్న: మా అక్క కొడుకు ఒహాయోలో కాలేజీ టీమ్‌కి ఆడుతున్నాడు. వాడి పేరు పక్కన .310/.402/.455 అని మూడు అంకెలు వేశారు. క్రికెట్‌లో సగటు 40, 50 అంటారు కదా, వీటినెలా చదవాలి?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అమ్మా, క్రికెట్ సగటులో పరుగుల్ని ఔట్లతో భాగిస్తాం. ఇక్కడ పరుగుల ఊసే లేదు. మొదటి అంకె బ్యాటింగ్ యావరేజ్. కొట్టి బేస్ (మైదానంలో పరుగెత్తి చేరాల్సిన నాలుగు మజిలీల్లో ఒకటి) చేరిన హిట్లను ‘ఎట్ బ్యాట్’లతో భాగిస్తే వచ్చేది. రెండోది ఆన్‌బేస్, అంటే బ్యాటుతో నిలబడ్డ సార్లలో ఎన్నిసార్లు ఔట్ కాకుండా బేస్ మీదికి చేరాడన్నది. మూడోది స్లగ్గింగ్. సింగిల్‌కి ఒకటి, డబుల్‌కి రెండు, ట్రిపుల్‌కి మూడు, హోమ్‌రన్‌కి నాలుగు బేస్‌ల చొప్పున కూడి, ఎట్ బ్యాట్‌లతో భాగిస్తారు.

ఒక్క మ్యాచ్ పట్టుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. మీవాడు అయిదుసార్లు బ్యాటింగ్‌కి వచ్చాడనుకోండి. ఒక సింగిల్ కొట్టాడు. ఒకసారి పిచర్ (బంతి వేసేవాడు) నాలుగు చెడ్డ బంతులేస్తే వాక్, అంటే కొట్టకుండానే మొదటి బేస్, దొరికింది. ఒకసారి బంతి ఒంటికి తగిలి బేస్ వచ్చింది. ఒకసారి స్ట్రైకౌట్, అంటే మూడు స్ట్రైకులు పడి ఔటయ్యాడు. ఒకసారి దూరంగా గాల్లోకి కొట్టి తాను క్యాచ్ ఔటైనా, మూడో బేస్ మీదున్న వాణ్ని ఆఖరి బేస్ అయిన ‘హోమ్’కి చేర్చి పరుగు తెచ్చాడు. దీన్ని శాక్రిఫైస్ ఫ్లై అంటారు. వాక్, ఒంటికి తగలడం, శాక్రిఫైస్... ఈ మూడూ ఎట్ బ్యాట్‌లోకి రావు. కాబట్టి మిగిలినవి రెండే, అందులో హిట్ ఒకటి. యావరేజ్ .500, స్లగ్గింగ్ .500. ఆన్‌బేస్‌కి మాత్రం అయిదుసార్లూ లెక్కే. మూడుసార్లు బేస్ ఎక్కాడు కాబట్టి .600.

ఇంకో సంగతి. ఫీల్డర్ తప్పు చేస్తే మనవాడు బేస్ చేరినా అది హిట్ కాదు, ఔటైనట్టే యావరేజ్ తగ్గుతుంది. అది ఫీల్డర్ తప్పా, హిట్టా అన్నది తేల్చేది అఫీషియల్ స్కోరర్.

మీవాడి అంకెల్లో నాకు నచ్చింది .402. మొదటి అంకె కంటే 92 పాయింట్లు ఎక్కువ. చెడ్డ బంతిని వదిలేయడం ఆ అబ్బాయికి వచ్చు. ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెప్పి మెచ్చుకోండి.

ప్రశ్న: 1985లో పీట్ ఇంకవిలియా కొట్టిన 48 హోమ్‌రన్ల రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఇప్పటి పిల్లల్లో అంత సత్తా లేదంటారా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ మాట ఒప్పుకోను. ఓక్లహోమా స్టేట్ తరఫున ఆ ఏడాది ఆయన 75 మ్యాచ్‌ల్లో 48 హోమ్‌రన్లు, 143 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు) సాధించాడు. యావరేజ్ .464, స్లగ్గింగ్ 1.140. గొప్ప ఆట, అందులో అనుమానం లేదు. కానీ ఆయన చేతిలో ఉన్నది అల్యూమినియం బ్యాట్.

కాలేజీల్లో లోహపు బ్యాట్లకు 1974లో అనుమతిచ్చారు. కర్ర బ్యాట్లు ఊరికే విరుగుతాయి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అయితే లోహపు బ్యాట్ లోపల బోలు. బంతి తగిలితే గోడ కాస్త లోపలికి నొక్కుకుని, స్ప్రింగులా బంతిని వెనక్కి తోస్తుంది. పైగా తేలిక కాబట్టి వేగంగా తిప్పొచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ తయారీదార్లు వాటికి మరింత పదును పెట్టారు. చివరికి 1998 కాలేజీ వరల్డ్ సిరీస్ ఫైనల్లో సదరన్ కాలిఫోర్నియా 21, అరిజోనా స్టేట్ 14 పరుగులు కొట్టాయి. అంత దగ్గర్లో నిలబడే పిచర్ మీదికి ఆ వేగంతో బంతి దూసుకొస్తే ప్రాణాలకే ముప్పు. అందుకే బ్యాట్ బరువు మీద కట్టడి పెట్టారు. 33 అంగుళాల బ్యాట్ 30 ఔన్సులకు తగ్గకూడదన్నారు. 2011లో బీబీకోర్ అనే ప్రమాణం తెచ్చి, లోహపు బ్యాట్ దెబ్బను కర్ర దెబ్బ దగ్గరికి దించారు.

దాంతో హోమ్‌రన్లు ఒక్కసారిగా పడిపోయాయి. 2014లో ఒమాహాలో వరల్డ్ సిరీస్ మొత్తానికి వచ్చినవి మూడే. మరుసటి ఏడాది బంతి మార్చారు. ఎత్తు కుట్టు పోయి చదును కుట్టు వచ్చింది. గాలి అడ్డు తగ్గి బంతి సుమారు 20 అడుగులు ఎక్కువ దూరం పోతుందని పరీక్షల్లో తేలింది.

ఇదంతా తెలిశాక 2024లో జార్జియా కుర్రాడు చార్లీ కాండన్ ఆట చూడండి. 60 మ్యాచ్‌ల్లో 37 హోమ్‌రన్లు, .433/.556/1.009. మ్యాచ్‌కి ఎన్ని అని లెక్కేస్తే ఇంకవిలియాకి 0.64, కాండన్‌కి 0.62. చేతిలో అంత చురుకు తగ్గిన బ్యాట్ పెట్టుకుని, పెద్దాయనకి వెంట్రుకవాసి దూరంలో ఆగాడు. నన్నడిగితే కాండన్ సీజనే గొప్పది.

ఊళ్ల ఎత్తు కూడా చూడాలి. ఒక సీజన్లో అత్యధిక యావరేజ్ .551, 1980లో న్యూ మెక్సికో ఆటగాడు కీత్ హ్యాగ్‌మన్‌ది. ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఆల్బకర్కీ సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది. అక్కడి పలచటి గాలిలో బంతి ఇంకా దూరం పోతుంది.

ప్రశ్న: జో డిమాజియో వరుసగా 56 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టిన రికార్డును ఒక కాలేజీ కుర్రాడు బద్దలు కొట్టాడట, నిజమేనా?
— ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: అంకె దాటిన మాట నిజమే. 1987లో ఓక్లహోమా స్టేట్ ఆటగాడు రాబిన్ వెంచురా వరుసగా 58 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టాడు. ఒమాహాలో స్టాన్‌ఫర్డ్ మీద ఆ వరుస తెగింది. డిమాజియో ఆడిన మేజర్ లీగ్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) లెక్కల పుస్తకం వేరు కాబట్టి, 1941 నాటి డిమాజియో రికార్డు అలాగే ఉంది. కాలేజీ ఆటలో కింది అంచె అయిన డివిజన్ త్రీలో డేమియన్ కోస్టంటినో 2003లో 60 దాకా వెళ్లాడు.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడ హైస్కూల్ టీమ్‌లో .480 కొడుతున్నాడు. కాలేజీ కోచ్‌లు చూసేది ఇదేనా? వాడికంటే నాకే టెన్షన్‌గా ఉంది.
— ఒక తండ్రి, డాలస్

జవాబు: టెన్షన్ పడకండి బాబూ, కానీ ఆ ఒక్క అంకె పట్టుకుని కూర్చోకండి. సదరన్ యూనివర్సిటీ ఆటగాడు రికీ వీక్స్ కాలేజీ కెరీర్ యావరేజ్ .473, అది రికార్డు. మేజర్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2003లో రెండో పిలుపు ఆయనదే. మేజర్ లీగ్‌లో కెరీర్ యావరేజ్ .246. ఆయన చాలా ఏళ్లు ఆడాడు, 2011లో ఆల్‌స్టార్ కూడా. రోజూ ఎదురయ్యే పిచర్ల స్థాయి పెరిగితే ఎంతటివాడి అంకెలైనా దిగుతాయి. అందుకే .480 ఎవరి బౌలింగ్‌లో వచ్చిందన్నది ముందు చూడాలి.

కోచ్‌కి పంపే కాగితంలో వాక్‌లు ఎన్ని, స్ట్రైకౌట్లు ఎన్ని అన్నది పక్కపక్కన రాయండి. స్ట్రైకౌట్లకు దీటుగా వాక్‌లుంటే బంతిని చదవగలడని అర్థం. వీలైతే వేసవిలో కర్ర బ్యాట్‌తో ఆడించండి. కాలేజీ పిల్లల్ని అంచనా వేయడానికి స్కౌట్లు (ప్రొఫెషనల్ జట్ల తరఫున ఆటగాళ్లను వెతికేవాళ్లు) వేసవిలో జరిగే కేప్ కాడ్ లీగ్‌కి వెళ్లేదీ అందుకే. 1985 నుంచి అక్కడ కర్ర బ్యాటే వాడుతున్నారు. మీవాడి సీజన్ స్కోర్లు వాక్‌లతో సహా పంపితే, ఆన్‌బేస్ ఎంతో వచ్చే సంచికలో లెక్కేసి చెబుతాను.