రెటీనా (కంటి లోపలి తెర) పరిశోధనలో శాస్త్రవేత్త నపోలియోన్ ఫెరారాకు అంత ఎక్కువ సైటేషన్లు (ఇతర పరిశోధకులు తమ పేపర్లలో ఆయన పేపర్లను ఉదహరించడం) ఎందుకు?

నిజానికి ఫెరారా పేరు తెచ్చుకున్నది కంటి ఆసుపత్రిలో కాదు, జెనెన్‌టెక్ అనే బయోటెక్ కంపెనీ ల్యాబ్‌లో. కొత్త రక్తనాళాలను పుట్టించే వీఈజీఎఫ్ ప్రొటీన్‌ను వేరుచేసి, 1989లో దాని జన్యువు వివరాలు ప్రచురించింది ఆయన బృందమే. వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా మధ్యభాగం) క్షీణతలో 'వెట్' రకం ఉంది కదా, అందులో ఈ ప్రొటీన్ వల్లే రెటీనా కింద నాళాలు పిచ్చిమొక్కల్లా పెరుగుతాయి. వాటి నుంచి ద్రవం కారి చూపు దెబ్బతింటుంది. దీన్ని అడ్డుకునే రానిబిజుమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది. చాలామందికి చూపు తగ్గడం ఆగడమే కాదు, కొంత మెరుగైంది కూడా. 2010లో ఆయనకు వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది దీనికే.

ఇక సైటేషన్లంటారా, క్యాన్సర్ కణితులూ ఇదే ప్రొటీన్‌తో రక్తం రప్పించుకుంటాయి. కాబట్టి ఆ రంగం వాళ్లూ ఆయన పేపర్లనే ఉదహరిస్తారు. ఒక్క రెటీనా మీదే పనిచేసే వాళ్లతో ఆయన అంకెల్ని పోల్చడం నా దృష్టిలో అన్యాయం.