జేజి (అవ్వ) బతుకును పుస్తకంగా వేసేటప్పుడు

అనంతపురం

నాయనా,

సంవత్సరీకం నాటికి మీ జేజి బతుకును చిన్న పుస్తకంగా వేయాలనుకున్నావు, సంతోషం. "అన్నపూర్ణ, ఓర్పుకు మారుపేరు" అని మాత్రం మొదలుపెట్టొద్దు. ఆ మాటలు ఏ ఇంటి పెద్దామెకైనా సరిపోతాయి, మీ జేజి అందులో కనపడదు. ఆయమ్మ చేసిన పని రాయి, కొలతతో సహా.

ముందు మనుషుల దగ్గరకు పో. చెల్లెలు, ఆడబిడ్డ, పక్కింటి పెద్దామె, వీళ్లలో ఎవరికి వయసెక్కువో వాళ్లతో మొదలుపెట్టు. కాగితాలు తర్వాత చూసుకోవచ్చు. "మా జేజి ఎట్లాంటిది?" అంటే "దేవత" అని కండ్లు తుడుచుకుంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. తెల్లారి లేస్తూనే ఏ పని పట్టుకునేది, నీళ్లు ఏ బావి నుంచి ఎన్ని బిందెలు మోసేది, చెనిక్కాయలు వలిచిన కూలి ఎవరి చేతికొచ్చేది, ఇట్లా అడుగు. ఫోన్లో రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపు. లేకుంటే ముసలివాళ్ల సన్నగొంతు హోరులో కలిసిపోతుంది.

తేదీల దగ్గర జాగ్రత్త. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే చాలాసార్లు అది అంచనాకు వేసిందే. "పార్థివలో పుట్టింది" అన్నారనుకో, అది తెలుగు సంవత్సరం పేరు, 1945 ఉగాది నుంచి 1946 ఉగాది దాకా. మాఘమాసం అంటే 1946 కిందికి వస్తుంది, ఇక్కడే ఏడాది తప్పుతారు. సంవత్సరం పేరు గుర్తులేకుంటే, ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న 1953-56 నాటికి బడికి పోతా ఉండెనా, మానేసిందా అని అడిగి చూడు.

వంటలో "తగినంత" అన్న మాట రానీయొద్దు. ఆయమ్మ వాడిన గ్లాసునే తీసుకో, అంచుదాకా నీళ్లు పోసి అవి ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి రాయి. శేరు, పడి అని వదిలేస్తే రేపటి పిల్లలకు తెలియదు. రాగిసంగటి మీ అత్తతో చేయించి, పక్కన నిలబడి రాసుకో. మామూలుగా గ్లాసు బియ్యానికి నాలుగైదు గ్లాసుల నీళ్లు, గ్లాసు నుంచి గ్లాసున్నర పిండి. మీ ఇంటి లెక్క వేరైతే అదే రాయి. బియ్యం మెత్తగా ఉడికి, గంజి ఇంకా పైన ఉండగానే పిండి కుప్పగా వేసి, కలపకుండా మూతపెట్టి సన్నసెగ మీద ఐదారు నిమిషాలు మగ్గనియ్యాల. కట్టెతో గెలికేది ఆ తర్వాతనే. ముందే కలిపితే ఉండలు కడుతుంది, పచ్చివాసనా పోదు. గంజి ఇంకినాక పిండి వేస్తే ముద్ద కట్టదు, పగిలిపోతుంది. మీ జేజి ముద్ద ఎంత లావుండేదో, అందులోకి ఊరుబిండి పచ్చడా, పప్పా, అదీ రాయి.

ఫొటోల వెనక పేర్లు మెత్తని పెన్సిలుతో రాయి. బాల్‌పెన్ను నొక్కు ముందువైపు తేలుతుంది.

ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ ఉంచు, ఎవరు చెప్పినారో పేరు పెట్టు. అప్పులు, పంపకాల మాటలుంటే, అందులో ఉన్నవాళ్లకు చదివి వినిపించినాకనే అచ్చుకియ్యి. చదివేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ, అక్షరం 16 పాయింట్లకు తగ్గనీయొద్దు.

ఇట్లు,
మీ తాత